పుట్టిల్లే పురిటికి వచ్చినప్పుడు



తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనలో చాలా ఇళ్ళ ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, పిల్లని పుట్టింటికి తీసుకుపోయేవారు. కాన్పయ్యాక పదిరోజుల పురుడు, 11వ రోజున పురిటి స్నానం, 21వ రోజున బారసాల (తెలంగాణ వైపు తొట్టెల అంటారు), ఆ తర్వాత మూడో నెలో అయిదో నెలో చూసి బిడ్డని ఒడిలో పెట్టి అత్తవారింటికి పంపేవారు. అన్నాళ్ళూ అల్లుడుగారు ఏ ఆదివారమో వచ్చి, బిడ్డని దూరం నుంచి చూసి, భోంచేసి వెళ్ళే చుట్టం.

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, మణికొండ, నల్లగండ్ల, ఈ చుట్టుపక్కల ఇప్పుడు ఆ పద్ధతి తిరగబడింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఇక్కడ రాళ్ళగుట్టలే ఎక్కువ. ఈనాడు ఆ గుట్టల చోట ముప్పై అంతస్తుల మేడలు. పిల్ల ఉద్యోగం ఇక్కడ, చూసే డాక్టరమ్మ ఇక్కడ, అల్లుడి ఆఫీసూ ఇక్కడే. అంచేత పిల్ల పుట్టింటికి వెళ్ళదు. పుట్టిల్లే శొంఠిపొడి డబ్బా, పాత నేత చీరల మూట, నేతి సీసా పట్టుకుని లింగంపల్లి స్టేషనులో దిగుతుంది. నా మాటలు వింటున్నవారిలో అలా దిగబోతున్న అమ్మమ్మలు కొందరైనా ఉంటారు.

పురుడు అనగానే మనకి పథ్యం గుర్తొస్తుంది. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, తలకి గుడ్డ కట్టాలా, నీళ్ళు ఎన్ని పొయ్యాలి, ఇవే. కాని పాతకాలపు పురుడులో అసలు గొప్ప సంగతి పథ్యం కాదని నా అభిప్రాయం. బాలింత చుట్టూ ఎంతమంది ఉండేవారో గుర్తు చేసుకోండి. తల్లి, నాయనమ్మ, పెళ్ళికాని చెల్లెలు, నీళ్ళు పొయ్యడానికి చెయ్యితిరిగిన ముసలమ్మ, గుడ్డలు ఉతకడానికి వేరే మనిషి, మధ్యాహ్నం కాసేపు బిడ్డని ఎత్తుకోవడానికి పక్కింటి పిన్నిగారు. ఆరుగురు చేసే పని. బాలింత చెయ్యాల్సింది పాలివ్వడం, పడుకోవడం. ఇప్పుడు ఆ ఆరుగురి పనీ రెండు పడకగదుల ఫ్లాటులో ఒక్క అమ్మమ్మ మీద పడుతోంది. ఆవిడకి యాభై అయిదో అరవయ్యో ఉంటాయి, మోకాళ్ళనొప్పో బీపీయో సరేసరి.

దీనికి తోడు ఇంకొకటుంది. పాత పురుడు మామూలు కాన్పుకి ఏర్పడ్డ పద్ధతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 100 కాన్పులకి 60.7 సిజేరియన్లని తేలింది. దేశం మొత్తం మీద అది 21.5. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే చర్చ, దానికి మరొక రోజు కావాలి. ఇంటికొచ్చిన పిల్లకి పొట్టమీద కుట్లున్నాయి. మంచం మీంచి లేవాలంటే పక్కకి తిరిగి, చేతి మీద బరువు ఆనించి, మెల్లిగా లేవాలి. బిడ్డకంటే బరువైనదేదీ కొన్ని వారాలు ఎత్తకూడదంటారు. అలాంటి పిల్ల రాత్రి నాలుగుసార్లు ఉయ్యాలలోకి వంగి బిడ్డని తియ్యగలదా? తియ్యకూడదు. ఎవరో ఒకరు తీసి అందించాలి.

ఆ ఎవరో ఎవరన్నదే ఇవాళ నేను చెప్పాలనుకున్నది.

పసికందు రోజుకి 16, 17 గంటలు నిద్రపోతుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. కాని ఆ నిద్రంతా గంటన్నర, రెండుగంటల ముక్కలు. పగలూ రాత్రీ తేడా తెలియడానికే రెండు మూడు నెలలు పడుతుంది. పొట్ట చిన్నది, తల్లిపాలు ఇట్టే అరుగుతాయి, అందుకని 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. మొదటి వారం, పదిరోజులు అమ్మమ్మ ఉత్సాహంగా రాత్రంతా మేలుకుంటుంది. పగలు వంట, గుడ్డలు, చూడవచ్చినవాళ్ళకి కాఫీలు. రెండోవారం గడిచేసరికి ఆవిడ ముఖం వాడిపోతుంది. మూడోవారంలో తల్లీ కూతుళ్ళు మిరియాల చారు దగ్గర పోట్లాడుకుంటారు. అది చారు మీద కోపం కాదండీ, నిద్ర చాలక.

మరి ఇంట్లో మూడో మనిషి ఉన్నాడుగా! అమెరికాలో తెల్లవారితే మనకి సాయంత్రం. అంచేత ఈ చుట్టుపక్కల మగపిల్లల్లో చాలామంది రాత్రి పదకొండు దాకా చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని మెలకువగానే ఉంటారు. ఆ మెలకువ బిడ్డకి ఎందుకు పనికిరాకూడదు?

మా అపార్టుమెంటులో ఒకరింట్లో ఇలా ఏర్పాటు చేసుకున్నారు. అమ్మమ్మగారు రాత్రి తొమ్మిదింటికల్లా వేరే గదిలో తలుపేసుకుని పడుకుంటారు. అప్పటినుంచి రెండింటిదాకా కాపలా తండ్రిది. మధ్యలో ఆఫీసు ఫోను ఉన్నా ఉయ్యాల పక్కన కూర్చునే మాట్లాడతాడు. బిడ్డ లేస్తే ఎత్తి తల్లి పక్కలోకి అందించడం, తాగాక భుజాన వేసుకుని వీపు నిమిరి త్రేనుపు రప్పించడం, తడిగుడ్డ మార్చి మళ్ళీ పడుకోబెట్టడం. తల్లి పక్కకి తిరిగి పడుకునే పాలిస్తుంది, కళ్ళు మూసుకుంటుంది. రెండు దాటాక అమ్మమ్మగారు లేస్తారు, అతను పడుకుంటాడు. మన ఈడువాళ్ళకి ఎలాగూ తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది గదా. ఈ లెక్కన ముగ్గురికీ అయిదేసి గంటలు పడక దొరుకుతోంది. తల్లికి మాత్రం ముక్కలుగానే, అందుకే పగలు బిడ్డ పడుకున్నప్పుడల్లా ఆమె కూడా పడుకోవాలి. ఆ వేళప్పుడు ఆమె ఫోను ఇంకో గదిలో ఉంటే మంచిది.

ఈ ఏర్పాటు గురించి నేను చెబితే, తణుకు నుంచి కూతురి దగ్గరికొచ్చిన ఒకావిడ బుగ్గ నొక్కుకున్నారు. "అల్లుడుగారి చేత తడిగుడ్డలు మార్పించడమేమిటండీ? వియ్యపురాలు వింటే ఏమనుకుంటారు?" అన్నారు. "బిడ్డ ఆయన బిడ్డేగా వదినగారూ" అన్నాను. ఆవిడ నవ్వేసి ఊరుకున్నారు గాని, ఒప్పుకున్నట్టు నాకనిపించలేదు. మన సంకోచమే దీనికి పెద్ద అడ్డు. అల్లుడు ఉయ్యాల దగ్గరికి రాగానే "మీకెందుకు బాబూ, నేనున్నానుగా" అని మనమే లాగేసుకుంటాం. నాలుగుసార్లు అలా అంటే అయిదోసారి అతను రాడు.

సెలవుల మాట కూడా చెప్పుకోవాలి. తల్లికి ప్రసూతి సెలవు 12 వారాలుండేదాన్ని 2017లో చట్టం సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాలు చేశారు. తండ్రి సంగతి అలా లేదు. కేంద్రప్రభుత్వ ఉద్యోగికైతే 15 రోజులు ఉంది, అదీ బిడ్డకి ఆరునెలలు వచ్చేలోగా వాడుకోవచ్చు. ప్రైవేటు కంపెనీలో అది ఆ కంపెనీ దయ. ఉన్న ఆ కాసిని రోజులూ ఆస్పత్రిలోనే అయిపోతాయి చాలామందికి. ఆస్పత్రిలో నర్సులుంటారు, బంధువులుంటారు, అక్కడ ఆయనకి పనేముంది, మందుల చీటీ పట్టుకుని తిరగడం తప్ప! కంపెనీ ఒప్పుకుంటే సగం సెలవు అమ్మమ్మ ఊరికి వెళ్ళే వారానికి దాచుకోమనండి.

ఇక ఆచారాల దగ్గరికి వస్తాను. అమ్మమ్మది గోదావరి వైపు, నాయనమ్మది కరీంనగరం అయితే రెండు పథ్యాలు ఒక కంచంలో కలవవు. ఒకరు వెల్లుల్లి కారం పెట్టమంటారు, ఒకరు కారమే వద్దంటారు. ఇద్దరూ ఒకేసారి ఉండకుండా వంతులు వేసుకోవడం ఉత్తమం. మొదటి ఆరువారాలు ఒకరు, తర్వాత ఒకరు. కాయం, వాము, శొంఠి, వెల్లుల్లి మితంగా పెడితే వంక పెట్టేవారు లేరు. కాని దాహం వేసినా నీళ్ళివ్వకపోవడం, పప్పూ కూరా మాన్పించి పచ్చళ్ళపొడులతో నెట్టుకురావడం వద్దు. పాలిచ్చే తల్లికి నీళ్ళు కావాలి, ఆకుకూర కావాలి, కుట్లు మానడానికి పప్పు, గుడ్డు, తినేవారైతే మాంసం కావాలి. బిడ్డ విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. ముర్రుపాలు పిండి పారబొయ్యకండి. తేనె, వస, ఆముదం, పంచదార నీళ్ళు నాలిక మీద రాయొద్దు. ముక్కులో చెవిలో నూనె చుక్కలు వెయ్యొద్దు, కళ్ళకి కాటుక వద్దు, బొడ్డు మీద పసుపూ బూడిదా వద్దు, అది పొడిగా ఉంటే తనంతట తనే రాలిపోతుంది. సాంబ్రాణి పొగ మన మండువా ఇళ్ళలో పైకి పోయేది. కిటికీలు బిగించిన ఏసీ గదిలో అది బిడ్డ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళమీద బోర్లా వేసుకుని నూనె రాసే ఆ నేర్పు మాత్రం వదులుకోకండి, మెల్లిగా రాయండి. పిల్లకి అది నేర్పండి, అల్లుడికీ నేర్పండి.

"పాలు చాలట్లేదేమో" అన్న మాట బాలింత ముందు ఎవరూ అనకూడదు. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఆ మాట వస్తుంది. ఏ బిడ్డయినా ఏడుపు ఆరో వారం దాకా పెరుగుతుంది, మూడో నెలకి తగ్గుతుంది, పాలు సరిపోయినా అంతే. ఆపరేషను అయినవాళ్ళకి పాలు పడడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. మొదటివారంలో బిడ్డ కొంచెం బరువు తగ్గి, రెండువారాల్లోపు మళ్ళీ పుట్టిన బరువుకి వస్తుంది. మొదటివారం దాటాక రోజుకి ఆరుసార్లకి తక్కువ కాకుండా ఒంటికి పోసుకుంటే పాలు అందుతున్నట్టే. అనుమానంగా ఉంటే తూకం వేయించండి, డాక్టరుకి చూపించండి. డబ్బాపాలు ముందుగా కొని అలమారలో పెట్టకండి, కనిపిస్తే కలపబుద్ధవుతుంది. బిడ్డ పాలు పట్టడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, ఊపిరి ఎగపోస్తున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

మా మేడలో మూడో అంతస్తు అమ్మాయి, ఆఫీసులో పన్నెండుమందికి పని చెప్పే పిల్ల, కాన్పయిన నాలుగో రోజున నన్ను చూడగానే ఏడ్చేసింది. "ఏమీ లేదు ఆంటీ, ఊరికే వస్తోంది" అంది. మూడోనాటి నుంచి అయిదోనాటిలోపు అలా ఏడుపు రావడం చాలామందికి సహజం, ఒంట్లో మార్పులవల్ల. వారం, పదిరోజుల్లో సద్దుమణుగుతుంది. "బంగారంలాంటి బిడ్డని పెట్టుకుని ఏడుపేమిటి, అశుభం" అని కసరకండి. ఆ అమ్మాయికి వారంలోనే తగ్గిపోయింది. కాని రెండువారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ పడుకున్నా తనకి నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోవడం లేదంటే, "నేను లేకపోతేనే నయం" లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా, అది దిష్టి కాదు, గాలీ ధూళీ కాదు. వైద్యం ఉన్న జబ్బు. కాన్పు చేసిన డాక్టరమ్మకి ఆ రోజే చెప్పండి, పిల్లని ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ సేవకి 14416 నంబరుకి ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు.

అమ్మమ్మ దిగులు ఎవరూ అడగరు. పదకొండో అంతస్తులో కిటికీ తీస్తే ఆకాశం తప్ప మనిషి కనపడడు. వెనక ఊళ్ళో భర్త కర్రీ పాయింటు కూరలతో కాలక్షేపం చేస్తుంటాడు. పొయ్యి కొత్త, గేటు దగ్గర సెక్యూరిటీ చేసే ఫోను కొత్త. రోజుకొక గంట ఆవిడని కిందకి, పార్కులోకి పంపించండి. అక్కడ అదే పనిమీద వచ్చిన అమ్మమ్మలు నలుగురు కనిపిస్తారు. వంటకి ఒకరిని, గుడ్డలకి ఒకరిని ఈ మూడునెలలైనా పెట్టుకోండి. బారసాలకి హాలు తీసుకునే డబ్బులో కొంత చాలు దానికి.

ఆవిడ వెళ్ళే తేదీ ముందే అనుకోవాలి. రైలెక్కేరోజు పొద్దున దాకా అన్నీ తనే చేసి, సాయంత్రానికి వీళ్ళిద్దరి చేతుల్లో బిడ్డని పెట్టి వెళ్ళకూడదు. సాధారణంగా ఆరోవారంలో తల్లికి పరీక్ష, బిడ్డకి టీకాలు అవుతాయి. అవయ్యాక ఒక వారం ఉండండి. ఆ వారం నూనె గిన్నె మీరు ముట్టుకోకండి. స్నానాలగది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోండి. నీళ్ళు తొణకడం, అల్లుడు "మెడ ఎక్కడ పట్టుకోవాలత్తయ్యా" అని అడగడం, పిల్ల నవ్వడం, అన్నీ అక్కణ్ణించే చూడండి. లేవబుద్ధయినా లేవకండి.

సెలవు.