పాత చీర, కొత్త బొంత
(నంద్యాల జిల్లా రుద్రవరంలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మీ ముందునకు కొత్త పథకమేదియు తీసికొనిరాలేదు. మీ ఇండ్లలో అటకమీదను, పెట్టెల అడుగునను పడియున్న పాత బట్టలను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు వచ్చితిని. ఇది ఆడవారి పని, దీనికి పంచాయతీ ఎందుకని మీలో కొందరు తలంచవచ్చును. నా ప్రసంగము ముగియులోపల ఆ సందేహము తీరునని ఆశించుచున్నాను.

మొదట నా పొరపాటు చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో ప్లాస్టిక్ సీసాలను కోసి పూలకుండీలు, అలంకరణ వస్తువులు చేయు విధానమును ప్రదర్శింపజేసితిని. అందరును చప్పట్లు కొట్టిరి, ఫోటోలు తీసిరి. మరుసటి వానకాలమున ఆ కుండీలు ఊరి మురుగు కాలువలో తేలినవి. అప్పుడొక ముసలమ్మ నన్ను నిలదీసి, “ఇవి మాకేం పనికొస్తాయి సామీ? చలికి కప్పుకొనే బొంత కుట్టడం మా కోడళ్ళకు నేర్పించకూడదా?” అని అడిగినది. నాకు సమాధానము తోచలేదు. ఇంటికి అవసరమైన వస్తువు తయారైనప్పుడే అది పొదుపు. అవసరము లేని వస్తువును చేసినచో చెత్త రూపు మారునే గాని తరుగదు.

బొంత అవసరమైన వస్తువు. నల్లమల అడుగున ఉన్న ఈ గ్రామములలో పుష్యమాసపు రాత్రి ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. దాని తయారీకి కావలసినది పాత నూలు బట్ట, దారము, సూది, ఓపిక. సుమారు ఐదున్నర మీటర్ల చీరను మూడు సమభాగములుగా కత్తిరించినచో ఒక్కొక్కటి దాదాపు 1.8 మీటర్ల పొడవుండును. అది ఒక మనిషి కప్పుకొనుటకు చాలును. ఈ లెక్కన రెండు చీరలకు ఆరు పొరలు వచ్చును. చిరుగులు లేని ముక్కలను పైకిని క్రిందికిని వాడి, చిరిగినవానిని నడుమ పరచవలెను. ముందుగా బట్టలను వేడినీట ఉడికించి, ఉతికి, మంచి ఎండలో ఆరవేయుట ముఖ్యము. చదునైన నేలపై పొరలు పరచి, మూలల రాళ్ళు పెట్టి, ముడుతలు లేకుండ సవరించి, అంచునుండి లోనికి వరుసగా కుట్టుకొనిపోవలెను. పొరల నడుమ నిలిచిన గాలియే వెచ్చదనము నిచ్చును. ఆరు పొరలకు మించినచో ఉతుకుట కష్టము, ఆరుట ఇంకను కష్టము.

నైలాను, పాలిస్టరు చీరలు బొంతకు అంతగా తగవు. అవి చెమటను పీల్చవు. అట్లని వానిని కాల్చరాదు. అవి కరగి హానికరమైన పొగ నిచ్చును. పాతిపెట్టినను నూలువలె మట్టిలో కలియవు. అడవిపందుల బెడదగల పొలముల చుట్టును రైతులు పాత చీరలు కట్టుట మీరెరిగినదే. ఇట్టి చీరలకు అదియే తగిన ఉపయోగము. పైరు కోసిన పిమ్మట వానిని విప్పి దాచుకొనుట మాత్రము మరువరాదు.

ఇక అసలు చిక్కునకు వత్తును. బజారులో చవక దుప్పట్లు దొరకుచున్నవి. బొంత కుట్టు స్త్రీకి దినముల తరబడి పని. ఆ శ్రమకు న్యాయమైన కూలి కట్టినచో బొంత చవక వస్తువు కానేకాదు. ఇంతకాలము అది చవకగా కనబడుటకు కారణము, ఆ ముసలమ్మల శ్రమకు మనము వెల కట్టకపోవుటయే. అందువలననే చిన్నవారు ఆ పని నేర్చుకొనుటలేదు. కూలి దక్కనిచో ఈ విద్య వారితోనే పోవును.

దీనికి మార్గము లేకపోలేదు. బెంగాలులో పాత చీరల పొరలతో పుట్టిన కాంథా కుట్టు నేడు దూరదేశములలో సహితము అమ్ముడగుచున్నది. కర్ణాటకమున ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీలు కుట్టు బొంతలకు మంచి పేరున్నది. ఢిల్లీలో 1999లో అంశు గుప్త స్థాపించిన ‘గూంజ్’ సంస్థ మరియొక దారి చూపినది. పాత బట్టను భిక్షగా ఈయక, గ్రామస్థులు తమ ఊరికై చేసికొన్న పనికి ప్రతిఫలముగా ఇచ్చుట దాని పద్ధతి. ఆయనకు 2015లో మెగసెసే పురస్కారము లభించినది. బట్ట పాతదైనను దానిని పుచ్చుకొనువారి మర్యాద పాతబడరాదని దీని సారాంశము.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు ఒకటి. కావున ఇది పంచాయతీ పనియే. నెలకొక దినమున పంచాయతీ కార్యాలయమున ఉతికిన పాత బట్టలను సేకరింపుడు. మురికి బట్టను ఇచ్చుట దానము కాదు. నీడ, వెలుతురు గల చోటును పొదుపు సంఘముల స్త్రీలకు చూపుడు. బొంతకింత అని కూలిని ముందుగానే గ్రామసభలో నిర్ణయింపుడు. పనియెరిగిన వృద్ధురాలు నేర్పుటకు కూర్చున్ననాడు ఆమెకును కూలి ఇప్పింపుడు. ఊరిలో దిక్కులేని వృద్ధులకు మొదటి బొంతలు చేరునట్లు చూడుడు.

చివరగా ఒక హెచ్చరిక. పొదుపు పేరిట పురుగుమందు డబ్బాలను ఎన్నడును ఇంట వాడరాదు. ఎంత కడిగినను అవి నీటికి, నూనెకు, గింజలకు పనికిరావు. ఖాళీయైన వెంటనే మూడుమార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి, వ్యవసాయ సిబ్బంది సలహా ప్రకారము వదిలించుకొనవలెను. దాచవలసినదేదో, పారవేయవలసినదేదో తెలిసికొనుటయే పొదుపు.

చలికాలము రాకముందే మీ గ్రామసభలో ఈ విషయము చర్చకు పెట్టుడు. బొంత కుట్టుట వచ్చినవారు ఊరిలో ఎందరున్నారో మొదట లెక్కింపుడు. వారి సంఖ్య చూచిన పిమ్మట, ఆలస్యము తగునో తగదో మీకే తెలియును.