చెరిగిన స్వరములు

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



యెహోయాకీము రాజు యిర్మీయా గ్రంథమును చాకుతో కోసి కుంపటిలో వేసిన సంగతి మనమెరుగుదుము. ప్రవక్త బ్రదికియున్నాడు గనుక మరల చెప్పెను, బారూకు మరల వ్రాసెను. టేపుపై చెరిగిన స్వరము సంగతి అట్లు కాదు. పలికినవారు సమాధులలో ఉన్నారు.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఆరంభమైనది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి భక్తిరంజని, నండూరి సుబ్బారావు గారి నాటకములు ఈ డెల్టా అంతటా మ్రోగినవి. ఆదివారము ఆరాధన ముగించుకొని ఇల్లు చేరువేళకు వీధి పొడుగునా ఉషశ్రీ గారి భారత రామాయణములే వినబడెడివని పెద్దలు చెప్పుదురు. మనవారును వినిరి, తప్పేమున్నది? 1970లో ప్రసారములు ఆరంభించిన సీషెల్స్ దీవుల ఫీబా రేడియో లఘుతరంగములపై తెలుగులోను సువార్త వినిపించినది. 2003లో ఆ ప్రసారము నిలిచిపోయినది.

వీటిలో మిగిలినవెన్ని? తొలినాళ్లలో చాలా కార్యక్రమములు నేరుగా ప్రసారమైనవి. రికార్డు చేసినను, టేపు ఖరీదైనది గనుక చెరిపి మరల వాడుట ప్రపంచమంతటా రేడియో కేంద్రముల అలవాటు. రేడియో ప్రక్కన టేప్ రికార్డరు పెట్టి శ్రోతలు పట్టుకొన్నవి కొన్ని ఇండ్లలో మిగిలినవి.

ఇతరులను అననేల? మేము యువజన సమాజములో ఉన్న దినములలో, ఒక వృద్ధ ఉపదేశిగారి రేడియో సందేశమున్న క్యాసెట్టుపైనే క్రిస్మస్ నాటకపు రిహార్సలు రికార్డు చేసితిమి. తరువాత ఆయన మనుమరాలు వచ్చి అడిగినది. వేసి చూచితిమి. ఆయన వందనములు చెప్పు రెండు మాటలు, అటుపిమ్మట పిల్లల కేకలు. క్యాసెట్టు వెనుక అంచున ఉండు రెండు చిన్న బిళ్లలు విరిచియుంటే దానిపై మరల రికార్డు పడెడిది కాదు. అంతమాత్రము మాకు తెలియకపోయెను!

మన గాలిలో తేమ ఎక్కువ, టేపుకు బూజు పట్టును. బూజు పట్టినదానిని యంత్రములో పెట్టి ఆత్రపడి వినకండి. పొడి రాలి టేపును, యంత్రపు హెడ్డును పాడుచేయును. తెలిసినవారిచేత పొడిగా శుభ్రము చేయించి, ఎంపీ3గా కుదించక వేవ్ ఫైలుగా ఎక్కించవలెను. ఎవరి గొంతు, ఏ సంవత్సరము, ఎవరి ఇంటిది అని వ్రాసిపెట్టవలెను. ప్రతులు రెండు, వేర్వేరు ఊళ్లలో ఉంచవలెను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూచిన మనకు దీని కారణము వేరుగా చెప్పనక్కరలేదు. నకలు తీసిన పిదపకూడ అసలు టేపును పారవేయకండి.

ఆ మనుమరాలు పోయిన నెల కబురు పంపినది. అటక మీద మరియొక క్యాసెట్టు దొరికినదట, పైన పేరు లేదు, బూజు ఉన్నది. ఇప్పుడే వినవద్దమ్మా, మేము వచ్చి తీసికొందుమని చెప్పితిమి.