చేపల చెరువు - తెల్లవారుజాము కాపలా

ఎకరమో, రెండెకరాలో చెరువు కౌలుకు తీసికొని చేపలు పెంచే కుటుంబానికి ఏడాది కష్టమంతా నీటి అడుగున ఉంటుంది. వరిచేను ఎండినా, తెగులు పట్టినా గట్టు మీద నుంచే కంటికి కనిపిస్తుంది. చేపకు వచ్చిన ఆపద మాత్రం తరచు తెల్లవారిన తరువాతగాని బయటపడదు. కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో, కొల్లేటి చుట్టుపట్ల, చచ్చిన చేపలతో ఒక్క రాత్రిలో చెరువు తెల్లబడిన సంగతి వినని రైతు అరుదు.

ఒకప్పుడు చేపపిల్ల దొరకడమే పెద్ద సమస్య. నదులలో ఏరి తెచ్చుకొనవలసి వచ్చేది. 1957లో ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి చేపలచేత గుడ్లు పెట్టించిన తరువాత ఆ చిక్కు క్రమంగా తీరినది. అందుకే ఏటా జులై 10వ తేదీని మత్స్య రైతుల దినంగా పాటిస్తున్నారు. పిల్ల సులభంగా దొరుకుతున్నది. దానిని బ్రతికించుకొనే నేర్పు మాత్రం ఎవరికి వారు సంపాదించుకొనవలసినదే.

చెరువు ఒక్కసారిగా చచ్చినప్పుడు విధి అని సరిపెట్టుకొనేవారున్నారు. ఎవరో మందు కలిపారని పొరుగువారిని అనుమానించేవారూ ఉన్నారు. పెక్కు సందర్భాలలో కారణం అంతకంటె సామాన్యమైనది: నీటిలో ప్రాణవాయువు చాలకపోవడం. నీటికి పచ్చరంగునిచ్చే సన్నని నాచు పగలు ఎండలో ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి తానే దానిని పీల్చుకొంటుంది. చేపలూ పీలుస్తాయి, అడుగున కుళ్ళే మేతా, పెంటా పీలుస్తాయి. అందువలన సూర్యోదయానికి ముందు చెరువు మిక్కిలి బలహీనంగా ఉంటుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ప్రాణవాయువు ఉంటే చేపకు హాయి. 3 కంటె తగ్గితే ఇబ్బంది మొదలైనట్లే. పగలంతా ముసురు పట్టినప్పుడు రాత్రికి నిలువ ఉండేది మరీ తక్కువ. నీరు ఎంత పచ్చగా ఉంటే అంత మేలని నమ్మేవారు ఈ లెక్కను ఆలోచించవలె.

పరికరం కొనలేనివారికీ ఒక కొలత ఉన్నది. మంచి ఎండవేళ చేతిని నిటారుగా నీటిలో ముంచుతూ అరచేతిని చూడవలె. మోచేయి మునిగే వేళకు అరచేయి మాయమైతే పచ్చదనం తగినంత ఉన్నట్లు. మణికట్టు దాటీ దాటకముందే మాయమైతే నాచు మితిమీరినది. ఎరువు ఆపి, మేత తగ్గించి, వీలైతే కొంత నీరు మార్చవలె. బురద నీటికి ఈ కొలత చెల్లదు.

మేత విషయంలో మన రైతుల తెలివిని మెచ్చుకొనక తప్పదు. చిల్లులు పెట్టిన సంచులలో తవుడూ, చెక్కా నింపి, నీటిలో పాతిన వెదురు గడలకు వ్రేలాడదీసే పద్ధతి చెరువు గట్టున పుట్టినదే. శీలావతి, బొచ్చె చిల్లుల నుండి తిన్నంత తింటాయి. చెదరి పోయేది తక్కువ. కాని సంచి కట్టి వెళ్ళిపోతే సగం పనే అయినది. కొన్ని గంటల తరువాత విప్పి, ఎంత మిగిలినదో చేతితో చూడవలె. మిగిలిన తవుడు రేపటి విషం.

ఎంత మేత వేయవలెనో తెలియాలంటే చేప బరువు తెలియవలె. పదిహేను రోజులకొకసారి విసురు వల వేసి, పడిన చేపలను తూచి సగటు కట్టవలె. చెరువులో 2,000 చేపలుండి, ఒక్కొక్కటి అరకిలో తూగితే మొత్తం 1,000 కిలోలు. నూటికి రెండు వంతుల చొప్పున రోజుకు 20 కిలోల మేత. చేప పెరిగినకొద్దీ ఈ వంతు తగ్గుతుంది. ఇంట్లో చదువుకొనే పిల్లలు ఉంటే ఈ లెక్క వారికి అప్పగించవచ్చును. తండ్రి కంటె శ్రద్ధగా వ్రాస్తారు.

ఇవన్నీ నేర్పేదెవరు? మేత అరువిచ్చే వ్యాపారి, మందు అమ్మే దుకాణదారు చాలాచోట్ల సలహాదారులుగా ఉన్నారు. అమ్మేవాని సలహాలో అమ్మకం కలిసే ఉంటుంది. చేప నీరసించినదని ఏదో పొడి కట్టి ఇస్తారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ వంటి మందులు చేపల పెంపకంలో నిషిద్ధములని ఆ పొడి కొన్నవానికి చాలాసార్లు తెలియదు. భవనంలో కూర్చోబెట్టి మూడు రోజులు ఉపన్యాసాలిచ్చే శిక్షణపైన మాకు గొప్ప నమ్మకం లేదు. పదిమంది రైతులు నెలకొకసారి ఒకరి చెరువు గట్టున చేరి, అతని పుస్తకం విప్పి, నష్టం వచ్చిన పంటను గురించి దాపరికం లేకుండా మాట్లాడుకొంటే అంతకంటె ఎక్కువ నేర్చుకొంటారు. మేత సంచి కట్టే కూలీని కూడ ఆ గట్టుమీద కూర్చోబెట్టవలె. చేప తిన్నదో లేదో ముందుగా తెలిసేది అతనికే.

ముసురు రాత్రి గడిచి, చీకటి ఉండగానే చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ కనిపిస్తే ఆ పూట మేత కట్టవద్దు. కాలువలోనో, బోరులోనో మంచి నీరుంటే, ఎత్తు నుంచి చెదరి పడేటట్లు చెరువులోకి తోడవలె. వేరే నీరు లేకపోతే చెరువు నీటినే ఇంజనుతో గాలిలోకి చిమ్మించవలె. ఎండ బాగా వచ్చేదాకా ఆపరాదు. ఆ ఇంజను నడుస్తుందో లేదో, డీజిలు ఎంత ఉన్నదో ముందటి సాయంత్రమే చూచుకోవలె.