ఏడ్చే బిడ్డ ఎవరి దిక్కు చూస్తది?
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పుల లెక్కలు చదివి వినిపించినం. ఇప్పుడు చంటిపిల్లల సంగతి మాట్లాడుకుందాం. మనం కైకిలికో, కూరగాయలు అమ్మనీకో, మీటింగుకో పోతాం. బిడ్డను నాయనమ్మ దగ్గర వదిలిపెడతాం. "పసిది, దానికేం తెలుసు" అనుకుంటాం. కానీ దానికి చాలా తెలుసు.

2022లో అమెరికాలోని హార్వర్డ్, ఎంఐటీ పరిశోధకుల అధ్యయనం ఒకటి వెలువడింది. 8 నుంచి 10 నెలల పిల్లలకు, ఏడాదిన్నర పిల్లలకు వాళ్లు బొమ్మలాట వీడియోలు చూపించారు. ఒకామె, బొమ్మ ఒకే నారింజ తొన తింటారు. ఇంకొకామె బొమ్మతో బంతి ఆడుతుంది. తర్వాత ఇద్దరి మధ్య కూర్చున్న బొమ్మ ఏడుస్తుంది. అప్పుడు పిల్లలు ఎక్కువగా ఎంగిలి పంచుకున్న ఆమె దిక్కే చూశారు. ఓదార్చేది ఆమే అని వాళ్ల లెక్క. ఎంగిలి తినేంత దగ్గరితనం ఎవరి మధ్య ఉంటదో మనకు తెలిసిందే. మాటలు రాని పిల్లలకూ అది తెలుసన్నమాట.

దీనర్థం బిడ్డకు ఎంగిలి పెట్టమని కాదు. చేతులు సబ్బుతో కడుక్కునే బువ్వ పెట్టాలి. దగ్గరివాళ్లెవరో బిడ్డ చుట్టరికం పేరు చూసి కాదు, చేసే పని చూసి తెలుసుకుంటదని మేము అర్థం చేసుకున్నం.

మన పక్కనున్న నల్గొండ జిల్లాలోనే 60 గ్రామాల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లే ఇండ్లకు పోయి చెప్పారు. కొన్ని ఊళ్లలో ఏం పెట్టాలో ఒక్కటే చెప్పారు. మరికొన్ని ఊళ్లలో బిడ్డ ఆకలి సైగలు, చాలన్న సైగలు చూసి ఎట్లా పెట్టాలో, ఎట్లా ఆడించాలో కూడా చెప్పారు. ఈ రెండో రకం ఊళ్ల పిల్లలు 15 నెలలకు, మామూలు సేవలు మాత్రమే అందిన ఊళ్ల పిల్లల కంటే మానసిక ఎదుగుదలలో మెరుగ్గా ఉన్నారు.

ఫోన్ చూపించి బువ్వ పెడితే బిడ్డ చూపు ఫోన్ మీదుంటది, పెట్టే మనిషి మీద ఉండదు.

పనికి పోయే తల్లి తప్పు చేసినట్టు కాదు. ఇంట్లో ఉన్నవాళ్లు నాయనమ్మైనా, తండ్రైనా, పక్కన కూర్చుని ముద్దలు పెట్టి ముచ్చట చెప్పాలి. అంగన్‌వాడీలో జరిగే సమావేశాలకు వాళ్లను కూడా తీసుకుపోదాం. తమ్ముణ్ణి చూసుకోవాలని బడికి పోయే ఆడపిల్లను మాత్రం ఇంట్లో ఆపొద్దు. వచ్చే నెల నుంచి ప్రతి గ్రామ సంఘం మీటింగులో ఈ ముచ్చటకు పది నిమిషాలు పెట్టుకుందామని కోరుతున్నం.