రసవాదుల మూసలు



పరుసవేది కథ వినని తెలుగువారు అరుదు. వేమన దానికై తపించాడని జనశ్రుతి. శ్రీశైలంలో నాగార్జునుడనే సిద్ధుడు రసవాదం సాగించాడన్నదీ జనశ్రుతియే. ఇనుము బంగారం కావాలంటే పరమాణు కేంద్రకమే మారాలి. అది కొలిమి వేడికి లొంగే పని కాదు. అయితే బంగారం కోసం రాజేసిన ఆ కొలిమి వద్ద మరి కొన్ని నిజమైన విద్యలు అబ్బినవి. వాటిని గూర్చియే నా ప్రసంగం.

లోహాన్నిబట్టి మంట రంగు మారుతుందని రసార్ణవం గుర్తించింది. రాగికి నీలిమంట అని చెప్పింది. 'రసప్రకాశసుధాకరం' వ్రాసిన యశోధరుడు తాను స్వయంగా చేసి చూచినవాడినని చెప్పుకొన్నాడు. శాస్త్రానికి కావలసిన మాట అది.

అన్నిటినీ మించినది యశదం కథ. యశదం అంటే మన జింకు. దాని ఖనిజాన్ని కాల్చి, బొగ్గుతో కలిపి సుమారు 1000 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడి చేయాలి. కాని యశదం 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. వేడి ఆవిరికి గాలి సోకితే తెల్లని భస్మమే మిగులుతుంది. రసరత్నసముచ్చయం ఇందుకొక ఉపాయం చెప్పింది. వంకాయ ఆకారపు మూసను తలక్రిందులుగా నిలపాలి. పైన నిప్పు, క్రింద నీరు. ఆవిరి క్రిందికి దిగి, చల్లబడి లోహమవుతుంది.

ఇది పుస్తకంలోని ఊహ కాదు. రాజస్థాన్‌లో ఉదయపూర్‌కు దక్షిణాన ఉన్న జావర్‌లో 1980ల తవ్వకాలలో అటువంటి కొలుములే బయటపడినవి. ఒక్కొక్క కొలిమిలో 36 మూసలు. బోర్లించినప్పుడు లోపలి సరుకు జారకుండా మూస మెడలో ఒక పుల్ల గుచ్చేవారు. వేడికి పుల్ల కాలిపోయి, ఆవిరికి దారి విడిచేది! ఎంత తేలికైన ఉపాయం! వాడిన మూసలను పేర్చి అక్కడివారు ఇళ్ళ గోడలు కట్టుకొన్నారు. ఇంగ్లండులో విలియం ఛాంపియన్ ఇటువంటి అధోముఖ స్వేదన పద్ధతికే 1738లో పేటెంటు పొందాడు. పోలికను బట్టి అతడు మన విద్యను గ్రహించాడనడం మాత్రం తొందరపాటు.

పుల్ల గుచ్చిన ఆ పనివాని పేరు మనకు దక్కలేదు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ బాధ ఇదే. రసవాదులు ఆరాధించిన పాదరసంతోనే కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన 1896లో మర్క్యూరస్ నైట్రైట్ తయారు చేశాడు. 1902, 1909 సంవత్సరాలలో హిందూ రసాయన శాస్త్ర చరిత్రను రెండు సంపుటాలుగా వెలువరించాడు. చేతిపనిని తక్కువ కులాలకు వదలి, చదువుకొన్నవారు దానికి దూరమైనందుననే మన శాస్త్రదృష్టి క్షీణించిందని అందులో నిర్మొగమాటంగా వ్రాశాడు. అది ఒక్కటే కారణం కాదని వాదించవచ్చు. కాని ప్రయోగ పరీక్షకు ఫలితాలను కంఠస్థం చేసుకొని వచ్చే విద్యార్థులను చూచినప్పుడు ఆయన మాట పాతబడిందని నాకు తోచదు.