నలుపు ఏదీ దాచదు

షార్జాలో కార్ల డెంటింగ్, పెయింటింగ్ నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మన కుర్రాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను.

తెల్ల కారు మీద చిన్న సొట్ట కనపడదు. నిగనిగలాడే నలుపు మాత్రం అద్దం లాంటిది. ట్యూబులైటు నీడ వంకరపోయిందంటే మన పని పట్టుబడినట్టే.

ముందు గ్రీజు, మైనం తుడిచి, ఆ తర్వాతే ఉప్పుకాగితం పట్టండి. లేకపోతే జిడ్డు గీతల్లోకి దిగి, రంగు వేశాక చిన్న చిన్న గుంటలు పడతాయి. పుట్టీని 80తో మొదలుపెట్టి 180, 320 నంబర్లకు రండి. మధ్యలో నంబరు దాటేస్తే పాత గీతలు తర్వాత పైకి తేలతాయి. ప్రైమర్ మీద వేరే రంగు పలచగా చల్లి, దిమ్మకు కాగితం చుట్టి రుద్దండి. పల్లమున్న చోట ఆ రంగు మిగిలిపోతుంది. వట్టి వేళ్లతో రుద్దితే వేళ్ల చాళ్లు పడతాయి. చివరికి 600తో నీళ్లు పోసి రుద్దాలి.

ఒక ముఖ్యమైన సంగతి. టూ-కే ప్రైమర్‌లో, క్లియర్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి. వాసన తెలియకపోయినా ఆస్తమా తెప్పిస్తాయి. మూతికి కట్టిన గుడ్డ వాటిని ఆపలేదు. పైపుతో మంచి గాలి అందించే మాస్కు ఇవ్వమని మొహమాటపడకుండా అడగండి. ఊపిరి బాగుంటేనే కదా, ఊరికి డబ్బు పంపేది! సెలవు.