పళియర్ల కొండ

పడమటి కొండల అందాల మీద కాసేపు మాట్లాడమన్నారు ఆకాశవాణి వారు. మా తళవాయిపురంలో ఏ మేడెక్కినా పడమటి దిక్కంతా కొండే. కింద నైటీలు కుట్టే మిషన్ల చప్పుడు, పైన మబ్బు. అయ్యనార్ కోయిల్ జలపాతం, సంజీవి కొండ, ఆరో మైలు దగ్గర నిలిపి రాజపాళయానికి ఇస్తున్న తాగునీళ్లు, ఇవన్నీ నేను చెప్పేదేముంది? సెలవొస్తే పులిహోర మూటగట్టుకుని పోయేది మీరే. ఆ కొండను ఇల్లు చేసుకున్నవాళ్ల గురించి చెబుతాను. పళియర్లు.

ముందు మన సంగతి. వందల ఏళ్ల కిందట ఆంధ్రదేశం నుంచి కత్తి పట్టి దిగివచ్చిన రాజుల ఊరు మన రాజపాళయం. ఇంటికి చుట్టం వస్తే మొదట మిల్లు చూపిస్తాం, ఆ తర్వాత కుక్కను. తెల్లటి ఒళ్లు, గులాబీ ముక్కు, కొత్తవాడు గడప తొక్కితే ఊరుకోని పౌరుషం. 2005లో తపాలా బిళ్ల మీదికి కూడా ఎక్కింది మన రాజపాళయం కుక్క. మంచిదే. మరి కనుచూపు మేరలోనే పౌరుషాలంటే గిట్టని జనం ఉన్నారని ఆ చుట్టానికి ఎప్పుడైనా చెప్పామా?

పీటర్ గార్డ్‌నర్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1962లో వచ్చి, పళియర్ల మధ్య నెలల తరబడి ఉండి, వాళ్ల గురించి పుస్తకాలు రాశాడు. ఆయన చూసినదేమంటే, ఇద్దరి మధ్య మాట పెరిగిందా, ఒకరు లేచి వెళ్లిపోతారు. మొగుడూ పెళ్లాలైనా అంతే. పెద్దమనిషి ఉంటాడు గానీ తీర్పు చెప్పి దండన వేసే అధికారం అతనికి లేదు. అడవిపంది దొరికితే మాంసాన్ని సమానంగా కుప్పలు పోస్తారు. కొట్టినవాడికీ ఒక కుప్పే. పంపకాల దగ్గర గట్టు కోసం, గోడ కోసం కోర్టు మెట్లెక్కే మనకు ఇది వింతగానే ఉంటుంది.

మా తాతయ్యకు కొండ వార మామిడితోట ఉండేది. దానికి కాపలా ఒక పళియర్ ముసలాయన. చిన్నప్పుడు నేను ఆయన వెంటే తిరిగేవాణ్ణి. ఒకనాడు అడవిదుంప తవ్వుతుంటే చూశాను. పొదలో ఎండి వేలాడుతున్న తీగ ఒకటి. నాకైతే అది చెత్త. ఆయన దాన్ని లాగలేదు. రెండు వేళ్ల మధ్య జారనిస్తూ, వంగి వంగి, నేలలోకి దిగిన చోటిదాకా పోయాడు. గునపంతో పక్కనుంచి తవ్వడం మొదలుపెట్టాడు. నడుమ రాళ్లు తగిలితే చేత్తో ఏరి పక్కన పెట్టాడు. భుజం దాకా చెయ్యి గోతిలో పెట్టి, తడిమి, దుంపను విరగకుండా పైకి తీశాడు. మట్టి అంటిన బొమికలా ఉంది. తీగ అంటుకున్న మొదలును జానెడు కోసి, అదే గోతిలో నిలబెట్టి మన్ను కప్పి తొక్కాడు. "ఎందుకు తాతా?" అన్నాను. "వానకి మళ్లీ పాకుతుంది అయ్యా" అన్నాడు. అంతకు మించి ఆ పూట ఆయన మాట్లాడిన గుర్తు లేదు. పళియర్లు మితభాషులు.

ఇప్పుడు దుంప తవ్వేవాళ్లు తగ్గిపోయారు. రేషన్ బియ్యం వచ్చింది, తోట కూలి వచ్చింది. తిండి కోసం దినమంతా తవ్వమని ఎవరినీ అనలేం. నా బాధల్లా ఆ వేళ్లకు తెలిసిన విద్య గురించే. ఎండిన తీగల్లో ఏది ఏ దుంపదో చెప్పగలిగినవాళ్లు పోతే ఆ విద్య ఏ కాలేజీలో దొరుకుతుంది?

తేనె సంగతి చెప్పడానికే ఒక పూట పడుతుంది. బండ అంచున కట్టిన పెద్ద తేనెపట్టు కోసం తీగ పట్టుకుని వేలాడతారు. తేనె కొట్టే కొండజాతుల్లో చాలామంది చెప్పేది, పైన ఆ తీగ పట్టుకునేవాడు బావమరిది అయి ఉండాలని. చెల్లెలి బతుకు చూసి పట్టు వదలడని లెక్క.

ఒక్కమాట మాత్రం గట్టిగానే అంటాను. 2006 అటవీ హక్కుల చట్టం తేనెలాంటి చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు అడవిలో ఉండేవాళ్లకు ఇచ్చింది. 2021లో మేఘమలైతో కలిపి ఈ కొండలు పులుల అభయారణ్యమయ్యాయి. మనమేమో షాంపూ పొట్లాలు ఏటిలో పారేసి, దారి చూపిన పళియర్ కుర్రాడి చేతిలో పది రూపాయలు పెట్టి వస్తాం. అందుకే ఈ అభయారణ్యంలో దారి చూపే పని, కావలి పని ఉంటే ముందు ఆ పిల్లలకే ఇవ్వాలి. పక్కన నిలబడే పట్నం కుర్రాడికి ఎంత జీతమో వాళ్లకూ అంతే ఇవ్వాలి.